సంక్రాంతికి ఊరెళ్ళొచ్చాం, రెండు ఫైన్ లెటర్లు వచ్చాయి

ఇంగ్లండ్‌లో టర్మ్ మధ్యలో పిల్లల్ని బడి మాన్పించి ఊరు తీసుకెళ్తే ఫైన్ వేస్తారని ఇక్కడున్న మనవాళ్ళందరికీ తెలుసు. ఎవరి పేరు మీద వేస్తారు, ఎన్నాళ్ళకి వస్తుంది, వచ్చాక ఏం చేయాలి అని మా వాట్సాప్ గ్రూపులో అడిగితే మాత్రం పది మంది పది రకాలుగా చెప్పారు. ఇంటికి ఒకటే ఫైన్ అని ఒకావిడ, వారానికి లోపు అయితే ఏమీ అనరని ఇంకొకరు, ఎవరో ఒకాయన కోర్టుకెళ్ళి గెలిచాడు కాబట్టి కట్టక్కర్లేదని మరొకరు. మాకు 2025 జనవరి ప్రయాణానికి పడింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం ఉండేది లండన్‌కి పడమర వైపు ఒక ఊళ్ళో. పాపకి ఎనిమిదేళ్ళు, ఇయర్ ఫోర్. బాబు బడిలో మొదటి క్లాసైన రిసెప్షన్‌లో ఉన్నాడు, ఫిబ్రవరి 20కి ఐదు నిండుతాయి. గొడవంతా ఆ ఐదు దగ్గరే మొదలైంది. "ఐదు నిండితే ఇంక భోగిపళ్ళు పోయరే, వాడికి ఈ ఏడే ఆఖరు" అని అమ్మ వేసవి నుంచీ ఫోన్‌లో అంటూనే ఉంది. పాపకి ఆ ముచ్చట ఎలాగూ తీరలేదు. 2021 జనవరిలో లాక్‌డౌన్. వీడియో కాల్‌లో అమ్మ పాట పాడుతుంటే, రేగిపళ్ళు దొరక్క, టెస్కోలో కొన్న బ్లూబెర్రీలు పోశాం. తెల్ల కార్పెట్ మీద ఆ మరకలు ఇప్పటికీ ఉన్నాయి. బాబుకైనా సరిగ్గా జరగాలని నాకూ మనసులో ఉంది.

సెప్టెంబర్‌లో టికెట్లు చూశాం. బడి డిసెంబర్ 20న మూస్తారు, 21న బయల్దేరాలి. నలుగురం జనవరి 4కి తిరిగొచ్చేస్తే 4,380 పౌండ్లు. మా వారు ఒక్కరే 4న వచ్చేసి, నేనూ పిల్లలూ పండగ చూసుకుని 18న వస్తే 3,510. తేడా 870 పౌండ్లు. ఫైన్ పడినా లాభమే అన్న లెక్క నేను వేయలేదని చెప్తే అబద్ధం. వేశాను. కానీ టికెట్ ఒకే ధర అయినా 18కే బుక్ చేసేదాన్ని, అది కూడా నిజమే.

ఇక్కడే మొదటి తప్పు చేశాం. టికెట్లు కొనేశాక బడి ఆఫీసులో సెలవు ఫారం అడిగాను. ఫారం పైనే బోల్డు అక్షరాల్లో ఉంది, అనుమతి వచ్చేదాకా ప్రయాణం బుక్ చేయొద్దని. లోపల "అసాధారణ పరిస్థితులు వివరించండి" అని నాలుగు గీతల ఖాళీ. భోగిపళ్ళని నాలుగు గీతల్లో ఇంగ్లీషులో ఎలా రాయాలో ఆ రాత్రి పదకొండు దాకా కూర్చున్నా తేలలేదు. "చిన్నపిల్లల తల మీద పళ్ళు, చిల్లర పోసే ఆచారం" అని రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. కొట్టేసి, కుటుంబంతో పంట పండగ, తాతయ్య అమ్మమ్మలకి డెబ్బై దాటాయి, అని మామూలుగా రాశాను.

స్నేహితులు చాలామంది జ్వరమని చెప్పేయమన్నారు. చెప్పిన వాళ్ళ అనుభవాలూ వాళ్ళే చెప్పారు. ఒకావిడ హైదరాబాద్‌లో ఉండగా పాపకి ఒంట్లో బాగాలేదని మెసేజ్ పెట్టింది. బడివాళ్ళు పరామర్శకి ఫోన్ చేస్తే రింగ్ ఇండియాది వినపడింది. ఇంకొకరి అబ్బాయి తిరిగొచ్చిన రోజే క్లాసులో గేదె ఎక్కానని బొమ్మ వేసి చూపించాడు. నేను అబద్ధం ఆడకపోవడానికి పెద్ద నీతేమీ లేదు. మా బాబు నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

అక్టోబర్ 14న ఫారం ఇచ్చాను. వారం గడిచింది, జవాబు లేదు. తర్వాత హాఫ్ టర్మ్ సెలవులొచ్చాయి. నవంబర్ 6న ఈమెయిల్ వచ్చింది, అంటే 23 రోజులు. అనుమతి ఇవ్వలేం, వెళ్తే పెనాల్టీ నోటీస్ (అదే ఫైన్) కోసం స్థానిక కౌన్సిల్‌కి పంపొచ్చు, అని రెండే పేరాలు. నాకు చెంప మీద కొట్టినట్టనిపించింది. ఆ బడిలో నాలుగేళ్ళుగా పాప ఒక్కరోజు కూడా ఊరికే మానలేదు.

హెడ్‌టీచర్‌ని కలవాలని అడిగితే నవంబర్ 13న పది నిమిషాలు ఇచ్చారు. మంచి మనిషే, కసురుకోలేదు. సెలవు ఇవ్వాలంటే అసాధారణ కారణం ఉండాలి, కుటుంబ సెలవు ప్రయాణాలు అందులోకి రావు అన్నారు. అయితే మతపరమైన పండగ రోజుకి రిజిస్టర్‌లో వేరే కోడ్ ఉందట, ఆర్ అని. సంక్రాంతి ఏ రోజని అడిగారు. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ అని చెప్పాను. "అసలు పండగ ఏది?" అన్నారు. మూడూ అసలువే అన్నాను. భోగి గురించి, పశువులకి పూజ చేసే కనుమ గురించి నాకొచ్చినంతలో చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, 14 ఒక్కరోజే రాసుకున్నారు. భోగిపళ్ళు పోసేది 13న. ఆ రోజు మాత్రం మాకు దక్కలేదు.

లెక్క ఎలా కడతారో కూడా అక్కడే తెలిసింది. రోజుకి రెండు సెషన్లు, పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. పది బడి వారాల్లో అనుమతి లేని సెషన్లు పదైతే ఫైన్ పరిధిలోకి వచ్చినట్టే. రిజిస్టర్ మూసేశాక ఆలస్యంగా వచ్చినవీ ఇందులో కలుస్తాయి. జనవరి 6 టీచర్ల ట్రైనింగ్ రోజు, అది లెక్కలోకి రాదు. 7 నుంచి 17 దాకా తొమ్మిది రోజులు, 14 తీసేస్తే ఎనిమిది, అంటే పదహారు సెషన్లు. మేం 12వ తేదీ ఆదివారానికి తిరిగొచ్చేస్తే ఎనిమిది సెషన్లే, ఫైన్ పరిధిలోకే రాం. భోగికి ముందు రోజు! ఇంట్లో ఇది చెప్తే మా వారు చాలాసేపు నవ్వారు.

ఆఫీసులో ఉండే ఆవిడ బయటికొస్తుంటే ఆపి ఇంకో మాట చెప్పింది. బాబుకి ఐదేళ్ళు నిండి, ఆ తర్వాత టర్మ్ మొదలయ్యేదాకా చట్టప్రకారం బడికి రావలసిన వయసు కాదు. ఫిబ్రవరిలో పుట్టినవాడు కాబట్టి ఏప్రిల్‌లో మొదలయ్యే టర్మ్ నుంచే ఆ లెక్క. రిజిస్టర్‌లో గైర్హాజరు పడుతుంది, ఫైన్ మాత్రం ఉండదు. అక్కడ మా అమ్మకీ ఇక్కడి ప్రభుత్వానికీ గీత ఐదేళ్ళ దగ్గరే.

ఊళ్ళో గడిపిన రోజుల గురించి ఎక్కువ రాయను. తణుకు దగ్గర పల్లెటూరు, పొగమంచు, భోగిమంటలు. కానీ ఒక సంగతి చెప్పాలి. ఫారం ముందే ఇచ్చాం, వాళ్ళు ముందే కాదన్నారు, అయినా బడి నుంచి ఆటోమేటిక్ మెసేజ్ ప్రతి రోజూ వస్తుంది. జనవరి 7 మధ్యాహ్నం మూడుంపావు దాటాక ఫోన్ మోగింది. "మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదు, కారణం తెలియజేయండి." అక్కడ పొద్దున పది కావొస్తోంది. అప్పటికి పాప అరుగు మీద మా నాన్నగారి పక్కన కూర్చుని పన్నెండో ఎక్కం అప్పజెప్తోంది. ఇయర్ ఫోర్‌లో జూన్‌లో ఎక్కాల పరీక్ష ఉంటుందని నాన్నగారికి చెప్పానుగా, ఆయన దాన్ని భుజాన వేసుకున్నారు. నాకేమో కడుపులో తిప్పినట్టయింది. మొదటి రోజు నేను పెద్ద జవాబు రాశాను. మూడో రోజు నుంచి, లండన్‌లో ఉన్న మా వారే "ఇండియాలో ఉంది" అని రెండు మాటలు పంపేవారు.

13వ తేదీ సాయంత్రం నాలుగింటికి బాబుని పీట మీద కూర్చోబెట్టారు. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకలు, రూపాయి బిళ్ళలు ఒక ఇత్తడి గిన్నెలో కలిపింది అమ్మ. మూడు గుప్పిళ్ళు దిష్టి తిప్పి పోయగానే వాడు తల దులుపుకుని పీట కింద దూరిన బిళ్ళల కోసం పాక్కుంటూ వెళ్ళిపోయాడు. అదే సమయానికి ఫోన్‌లో ఆ రోజు మెసేజ్ అప్పటికే వచ్చి ఉంది. పేరంటాళ్ళంతా వెళ్ళాక చూశాను. మా అన్నయ్య కొడుకు పక్కన కూర్చుని, "మీ బళ్ళో సంక్రాంతి సెలవులివ్వరా అత్తా?" అన్నాడు. ఇవ్వరు నాన్నా అన్నాను. అయ్యో అన్నాడు, నిజంగానే జాలిపడి.

18న తిరిగొచ్చాం. 20 సోమవారం పిల్లలు బడికెళ్ళారు. టీచర్ ఏమీ అనలేదు. అన్నది పిల్లలు. వాళ్ళ బడిలో ప్రతి శుక్రవారం హాజరు ఎక్కువున్న క్లాసుకి ఒక కప్పు ఇస్తారు. మేం లేని రెండు వారాలూ పాప వాళ్ళ క్లాసుకి రాలేదు. "నువ్వు ఇండియా వెళ్ళావు కాబట్టే రాలేదు" అని ఒకమ్మాయి అందట. పాప చేతులకి ఇంకా గోరింటాకు ఉంది, నారింజ రంగుకి దిగి. ఆ వారమంతా స్వెటర్ చేతులు వేళ్ళ దాకా లాక్కుని బడికెళ్ళింది. ఇది నాకు మంగళవారం రాత్రి తల దువ్వుతుంటే తెలిసింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నిజంగా ఏడుపొచ్చింది ఆ ఒక్క రాత్రే. ఒక ఇంటివాళ్ళు చేసిన పనికి ఎనిమిదేళ్ళ పిల్లని క్లాసు మొత్తానికి జవాబుదారీ చేసే ఆ కప్పు నాకు ఫైన్ కంటే అన్యాయంగా కనపడింది. ఇప్పటికీ అలాగే కనపడుతోంది.

బడి యాప్‌లో హాజరు చూస్తే వరసగా జి, జి, జి, మధ్యలో ఒక్క ఆర్, మళ్ళీ జి. జి అంటే అనుమతి లేని సెలవు ప్రయాణం.

ఆ తర్వాత ఎదురుచూపు. ఎన్నాళ్ళకి వస్తుందో ఎవరూ చెప్పరు. బడి కౌన్సిల్‌కి పంపాలి, కౌన్సిల్ చూసి నోటీస్ తీయాలి. పోస్ట్‌మాన్ తలుపు సందులోంచి ఉత్తరాలు పడేస్తే ఆ చప్పుడుకి రోజూ టెన్షనే. వారం దాటాక వదిలేశారేమో అనుకున్నాం. రెండు వారాలకి మా వారు పందెం కూడా కాశారు. ఫిబ్రవరి 11 మంగళవారం, అంటే బడికి తిరిగెళ్ళిన 22 రోజులకి, వచ్చాయి. రెండు కవర్లు, ఒకేలాంటివి.

ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మా వారు ఒకటి తెరిచి చదివారు, వెంటనే ఆన్‌లైన్‌లో 80 పౌండ్లు కట్టేశారు. రెండోది కాపీ అనుకుని, టేక్‌అవే మెనూలు పడేసే సొరుగులో పెట్టేశారు. నాకు "కట్టేశాను, 80తో పోయింది" అని మెసేజ్ పెట్టారు. నేనూ హమ్మయ్య అనుకున్నాను. మార్చి 1న పిజ్జా మెనూ కోసం వెతుకుతుంటే ఆ కవర్ కనపడింది. పైన ఉన్నది నా పేరు.

ఫైన్ ఇంటికి ఒకటి కాదు. ఒక్కో పిల్లకి, ఒక్కో తల్లికి, ఒక్కో తండ్రికి విడివిడిగా. 21 రోజుల్లో కడితే 80. అది దాటి 28 రోజుల్లోపు అయితే 160. అదీ దాటితే కోర్టు. నా లెటర్‌లో 80కి ఆఖరు తేదీ మార్చి 4. మూడు రోజులుంది. ఆదివారం రాత్రి నా రెఫరెన్స్ నంబర్ కొట్టి నా కార్డుతో కట్టాను. వాయిదాలు లేవు, ఒకేసారి మొత్తం. రసీదు ఈమెయిల్‌కి వచ్చేదాకా ఆ పేజీ మూయలేదు.

మా వారి బాధ ఇంకోటి. "6 నుంచి నేను ఇక్కడ ఆఫీసులోనే ఉన్నాగా, నాకెందుకు?" ప్రయాణం చేసింది ఎవరన్నది కాదు, బడి మానడానికి ఒప్పుకున్నది ఎవరన్నది చూస్తారు. ఫారం మీద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. రోజూ "ఇండియాలో ఉంది" అని జవాబిచ్చింది ఆయనే కదా అన్నాను. ఆ మాటకి ఊరుకున్నారు.

అప్పీలు చేద్దామని కూడా చూశాం. పెనాల్టీ నోటీస్ మీద అప్పీలు లేదు. పొరపాటున వేశారని తేలితే కౌన్సిల్ వెనక్కి తీసుకోవచ్చు. మాది పొరపాటు కాదు. వాదించాలంటే కట్టకుండా ఉండి, వాళ్ళు కోర్టుకి లాగితే అక్కడ వాదించుకోవాలి. గ్రూపులో చెప్పిన "గెలిచినాయన" సంగతి వెతికితే దొరికింది. ఐల్ ఆఫ్ వైట్‌లో ఒక తండ్రి 2015లో కూతుర్ని ఏడు బడి రోజులు మాన్పించి ఫ్లోరిడా తీసుకెళ్ళి, ఫైన్ కట్టనన్నాడు. కింది కోర్టులోనూ, హైకోర్టులోనూ గెలిచాడు. కానీ 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. మొత్తం మీద హాజరు బాగుంటే చాలదు, బడి పెట్టిన నియమాల ప్రకారం రావాలి అని తీర్పు. మన గ్రూపుల్లో మాత్రం ఆ కథ సగం దగ్గరే ఆగిపోయింది.

అసలు భయం వేరే ఉంది. వచ్చే ఏడాది మేం ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి కావాల్సిన అనుమతి, ఐఎల్ఆర్‌కి అప్లై చేయాలి. ఇది నేరం కిందికి వస్తుందా, వీసాకి అడ్డమా అని మా వారు రెండు రాత్రులు నిద్రపోలేదు. అరగంటకి 90 పౌండ్లు ఇచ్చి ఒక సొలిసిటర్‌తో మాట్లాడాం. నా ఫైన్ 80, దాని గురించి అడగడానికి 90! ఆవిడ చెప్పింది ఇదీ: గడువులోపు కట్టేస్తే అక్కడితో అయిపోయినట్టు, నేరం రుజువైనట్టు కాదు. కట్టకుండా వదిలేస్తే కేసు అవుతుంది, కోర్టులో ఓడితే అది నేర శిక్షే, అప్పుడు ప్రతి ఫారంలోనూ రాయాలి. ఫారంలో ఫైన్ల గురించి అడిగితే దాచొద్దు, రసీదులు జాగ్రత్త చేయండి అంది. ఆ సొరుగు కథ చెప్తే ఆవిడ ఫోన్‌లో ఒక్క క్షణం ఏమీ అనలేదు.

మొత్తం ఖర్చు: ఫైన్ ఇద్దరికీ 160, సొలిసిటర్ 90, మేం లేని రోజులకి కూడా కట్టాల్సిన, బడికి ముందు పిల్లలకి టిఫిన్ పెట్టే బ్రేక్‌ఫాస్ట్ క్లబ్ డబ్బు 96. బాబుకి ఫైన్ లేకపోవడం వల్ల 160 మిగిలింది. అంతకుముందు ఈ ఫైన్ 60 ఉండేదట, 2024 ఆగస్టు నుంచి 80 చేశారు. ఎడిన్‌బరోలో ఉన్న నా క్లాస్‌మేట్‌కి చెప్తే, "మా స్కాట్లండ్‌లో ఇలాంటి ఫైన్లే లేవు, ఇక్కడికి వచ్చేయండి" అని ఆట పట్టించింది. వాళ్ళకి బడి నుంచి లెటర్ వచ్చిందట, అంతే.

లెటర్ రెండో పేజీ నేను ఆలస్యంగా చదివాను. మీరు ముందే చదవండి. మూడేళ్ళలో అదే పిల్ల విషయంలో అదే తల్లికో తండ్రికో రెండోసారి పడితే 80 అన్న మాటే ఉండదు, నేరుగా 160. మూడోసారికి ఫైన్ వేయరు, కోర్టు దాకా పోవచ్చు. అక్కడ 2,500 పౌండ్ల దాకా వేయొచ్చు. ఏప్రిల్ నుంచి బాబు కూడా లెక్కలోకి వచ్చేశాడు.

నాన్నగారికి ఫైన్ సంగతి చెప్పకూడదనుకున్నాం. పాప చెప్పేసింది. ఆయన అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చి "పదిహేడు వేలా!" అన్నారు. నాలుగు రోజులు ఆ విషయం ఎత్తలేదు. తర్వాత అమ్మ ఫోన్ చేసి, నాన్న పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కి ఇచ్చారని, జూలై మొదట్లో ఇద్దరూ మా దగ్గరికి వద్దామనుకుంటున్నారని చెప్పింది. జూలై 22 దాకా పిల్లలకి బడి ఉంటుందమ్మా, మీకు తోచదు అన్నాను. వెనక నుంచి నాన్నగారి గొంతు వినపడింది, "ఉండనీయవే, పొద్దునే బడికి నేను దింపుతాను. ఎన్నింటికి గేటు మూస్తారో కనుక్కుని పెట్టు."